తూర్పు వాకిలి

నా ఉద్యోగం తెలుగును తెలుగులోకి మార్చడం అంటే ఎవరూ నమ్మరు. నమ్మకపోతే మానండి. హైదరాబాద్‌లో, బంజారాహిల్స్‌లో, ఒక పరదేశపు సాంస్కృతిక కేంద్రం ఉంది. ఏ దేశానిదో చెప్పను, చెబితే అదో పంచాయితీ. అక్కడ వాళ్ల భాష నేర్పుతారు, వాళ్ల సినిమాలు వేస్తారు, మన కళాకారులను అటు, వాళ్ల కళాకారులను ఇటు తిప్పుతారు. అందులో నేను కార్యక్రమాల సహాయకురాలిని. పేరు భాగ్యలక్ష్మి. ఊరు ఆత్మకూర్ దగ్గర, కృష్ణ ఒడ్డుకు మూడు కిలోమీటర్లు. కొత్త జిల్లాలు వచ్చినప్పుడు మమ్మల్ని వనపర్తిలో కలిపారు గానీ మా నోటికి ఇంకా పాలమూరే.

మా డైరెక్టరు మార్తా మేడం. ఇక్కడికి రాకముందే తన దేశంలో తెలుగు నేర్చుకుంది, పాత పుస్తకాలు ముందేసుకొని. "భాగ్యలక్ష్మీ, మీరు భోజనము చేసితిరా?" అంటుంది. తిన్నావా అని అడిగే పైఅధికారి ఎంతమందికి దొరుకుతుంది, కాదనను. కానీ ఆమె తెలుగు మా వాచ్‌మన్ ఎల్లేష్‌కు అర్థం కాదు, ఎల్లేష్ తెలుగు ఆమెకు అర్థం కాదు. ఇద్దరూ నా మొహం చూస్తారు. ఎనిమిది నెలలుగా ఇదే బతుకు.

ఇప్పుడు చెప్పబోయే గొడవకంతా మూలం నేనే. ముందే ఒప్పుకుంటున్నాను, తర్వాత ఎవరూ నాకు వేలు చూపించే పని లేకుండా.

మా బాపు గుర్వయ్య బీరప్ప పూజారి. కురుమలం మేం. గొర్లు, రెండెకరాల చెలక, వాటి మీద మా కులదేవుడు బీరప్ప. చుట్టుపక్కల పన్నెండూళ్లలో ఎక్కడ బీరప్ప పండుగ జరిగినా పట్నం వేయడానికి బాపు పోవాల్సిందే. పట్నం అంటే నేల మీద ఐదు రంగుల పొడులతో గీసే దేవుడి కొలువు. పసుపు, కుంకుమ, బియ్యప్పిండి, ఆకుపొడి, బొగ్గుపొడి. నాలుగు దిక్కులా నాలుగు వాకిళ్లు ఉంటాయి. అన్నిటికన్నా చివర తూర్పు వాకిలి గీత మూస్తే దేవుడు లోపల దిగినట్టు. ఇక ఆ రోజే, పొద్దు గుంకకముందే, గజ్జెలు కట్టుకొని, డమరుకం కొట్టుకుంటూ ఆ పట్నాన్ని కాళ్లతో తొక్కి చెరిపేయాలి. అప్పుడే దేవుడు తన చోటికి పోతాడు. తొక్కేదాకా వేసినవాడు మెతుకు ముట్టడు. తొక్కాక కలగలిసిన పొడిని అందరూ నుదుటికి పెట్టుకొని, కొంత కొంగున కట్టుకుపోయి గొర్ల దొడ్లో చల్లుకుంటారు. మా ఇంటి పద్ధతి ఇది. వేరేచోట వేరేగా ఉంటే ఉండనీ.

నా ఫోన్లో బాపు పట్నం వేసే వీడియో ఒకటి ఉంది. తొక్కేది అందులో లేదు, ఎందుకంటే అప్పుడు నేను జనంలో పడి నుదుటికి పొడి పెట్టుకునే పనిలో ఉన్నాను. ఆ సగం వీడియో చూసి మార్తా మేడం కళ్లు తడి చేసుకుంది. "ఇట్టి చిత్రము మన మందిరమున ముప్పది దినములు ప్రదర్శింపవలెను" అంది. అక్కడే చెప్పాల్సింది: మేడం, అది ఒక్క పూట కూడా ఉండేది కాదు అని. చెప్పలేదు. నా ఉద్యోగం పొడిగించే కాగితం ఆమె బల్ల మీద సంతకం కోసం పడి ఉంది. "మా బాపు వస్తాడు మేడం" అన్నాను.

ఆదివారం ఊరికి పోయి గొర్ల దొడ్లో బాపును పట్టుకున్నాను.

"ఒక్క పొద్దు పని బాపు. పట్నం వెయ్యాలె, రావాలె."

"మరి తొక్కుడు?"

"అదంత ఆడ చూస్కుంటరు."

ఇదేం జవాబో నాకే తెలియదు. బిడ్డ ఆఫీసు వాళ్లు పిలిచారన్న సంబరంలో బాపు ఇంకేమీ అడగలేదు. మా అమ్మ నర్సింగమ్మ మాత్రం మొహం ముడుచుకుంది. "గంత దూరం ఎందుకే? మన ఊర్లల్ల ఏస్తుండు, సాలదా?" అంది. నాకు కోపం వచ్చింది. నేను ఏ మంచి తెచ్చినా మా అమ్మ అడ్డం పడుతుంది, చిన్నప్పటి నుంచీ అంతే. "నీకేమైంది, నిన్నెవరన్న పిలిచిన్రా?" అన్నాను. "అయితే నేను గూడ వస్త" అంది, పిలవకుండానే.

గురువారం పొద్దున ఇద్దరూ బస్సు దిగారు. ముందు ఒప్పంద పత్రం. "యాడ పెట్టాలె బిడ్డా సంతకం?" అన్నాడు బాపు. కాగితమంతా ఇంగ్లీషు కదా, తికమకపడుతున్నాడు అనుకొని, వేలు పట్టి గీత మీద పెట్టాను.

తర్వాత హాల్లో పని మొదలైంది. నల్లటి గ్రానైట్ నేల, అద్దంలా ఉంటుంది. బాపు మోకాళ్ల మీద కూర్చున్నాడు. అమ్మ పక్కన ఐదు గిన్నెలు పెట్టుకొని కూర్చుంది. మా ఇంట్లో ఆడవాళ్లు పట్నం గీయరు, అందిస్తారంతే. బాపు చెయ్యి చాపుతాడు, అమ్మ ఏ రంగు కావాలో ఆ రంగు చిటికెడు పెడుతుంది. గీత మలుపు తిరిగే చోట అమ్మ ముందే అరచెయ్యి నేలకు ఆనించి తీసేస్తుంది. ఇద్దరికీ మాట అవసరం లేదు. ముప్పై ఏళ్ల అలవాటు మరి, అనుకున్నాను. మార్తా మేడం కెమెరా స్టాండు మీద పెట్టి, ఊపిరి బిగబట్టి తీస్తోంది. పడమర అయింది, దక్షిణం అయింది, ఉత్తరం కూడా అయింది. అప్పుడు ఆమె నా చెవిలో, "ఆ ధ్వని ఏమి?" అంది.

అమ్మ గాజులు. చేతికి డజను మట్టిగాజులు, కదిలినప్పుడల్లా గలగల. ఆ నిశ్శబ్దంలో బాగానే వినిపిస్తున్నాయి.

"అమ్మా, జర గాజులు తీసి పక్కకు పెట్టు. వీడియోల సప్పుడొస్తాంది" అన్నాను.

అమ్మ నావైపు చూసిన చూపు నేను చచ్చేదాకా మరిచిపోను. "నీ బాపు ముందర గూసొని గాజులు తియ్యమంటవా?" అంది. నాలుక కరుచుకున్నాను. చివరికి తనే గాజులన్నీ మోచేతి దాకా ఎక్కించి, పైన చేతిరుమాలు గట్టిగా చుట్టుకుంది. తూర్పు దిక్కు పని అంతా చప్పుడు లేకుండా జరిగింది. వీడియో బ్రహ్మాండంగా వచ్చింది.

పని అయ్యాక బాపు నడుం పట్టుకొని లేచాడు. నేను నిచ్చెన ఎక్కి పైనుంచి ఫోటో తీసి, బ్యానర్ కోసం ప్రింటింగు వాళ్లకు పంపాను. బాపు చేతులు కడుక్కోవడానికి పోయాడు, మార్తా మేడం ఆయన వెంట పోయింది. అమ్మ మాత్రం కదల్లేదు. "పట్నాన్ని ఒంటిగ ఇడవొద్దు, మీరు పోన్రి" అంది.

సాయంత్రం ఐదున్నరకు బాపు తలకు రుమాలు చుట్టుకొని, గజ్జెలు కట్టుకొని, డమరుకం పట్టుకొని హాల్లోకి వచ్చాడు. అప్పటికే ఎల్లేష్ పట్నం చుట్టూ ఇత్తడి కడ్డీలు నిలిపి ఎర్రతాడు కట్టేశాడు. బాపు నేరుగా పోయి ఆ తాడుకు తగిలి తూలాడు. మార్తా మేడం పరుగెత్తుకొచ్చింది.

"అయ్యా, దయచేసి ఆగుడు. లోనికి పోరాదు."

"ఏమంటాంది బిడ్డా గామె?"

"లోపలికి పోవద్దంటాంది బాపు."

"నేనేసిన పట్నంలకు నేను పోవద్దా?"

"ఆయన ఏమనుచున్నారు?" అంది మేడం.

"కొంచెం సర్దుతానంటున్నాడు మేడం."

"అవసరము లేదు. పరిపూర్ణముగా ఉన్నది."

బాపు ఇవేమీ పట్టించుకోకుండా డమరుకం మొదలుపెట్టి, తాడు దాటడానికి కాలు ఎత్తాడు. ఆమె రెండు చేతులూ చాపి అడ్డం నిలబడింది. మొహం పాలిపోయింది. "ఆయన తన కృతిని తానే నాశనము చేయుచున్నారు. ఎవరైనా ఆయనను అవమానించిరా?" అని నన్ను అడిగింది. ఇక దాచడానికి జాగా లేదు. బాపును పక్కకు తీసుకుపోయి చెప్పాను: పట్నం ముప్పై రోజులు ఇట్లాగే ఉండాలి, నువ్వు సంతకం పెట్టిన కాగితంలో ఉంది.

"ముప్పై దినాలా" అన్నాడు బాపు. "దేవుని పిలిచి, కూసోబెట్టి, సుట్టు తాడుగట్టి నెల పొద్దులు సూస్తరా? ఇంటికొచ్చిన సుట్టాన్ని గూడ ఎవ్వరు గట్ల జెయ్యరు." డమరుకం చంకన పెట్టుకొని, "నువ్వు నాకు జెప్పలే గదనే" అన్నాడు. అరవలేదు. అరిచినా బాగుండేది.

గోడవారన కూర్చుండిపోయాడు. అన్నం తేస్తే వద్దన్నాడు. ఆయన తినలేదని అమ్మ కూడా తినలేదు. మార్తా మేడం స్వయంగా పెరుగన్నం గిన్నె పట్టుకొచ్చి, "ఆహారము స్వీకరించుడు" అంది. బాపు రెండు చేతులూ జోడించాడు.

"ఇది సత్యాగ్రహమా?" అని నన్ను అడిగింది.

"కాదు మేడం, అలవాటు. పట్నం ఉన్నంతసేపూ మెతుకు ముట్టడు."

"ముప్పది దినములు భుజింపకుండుట అలవాటా?"

ఏం చెప్పను? అవునంటే ఒక తప్పు, కాదంటే ఒక తప్పు. ఆమె పాపం ఒకటే నేర్చుకుంది: పరాయివాళ్ల దేవుడి బొమ్మను ఎవరూ ముట్టకుండా కాపాడాలని. మా దేవుడేమో కాళ్లతో తొక్కితే తప్ప పోడు. ఈ రెంటి మధ్య వంతెన వేయడానికే కదా నాకు జీతమిచ్చేది. వేసింది నేనే, కూలగొట్టిందీ నేనే.

శుక్రవారం సాయంత్రం ఆరు గంటలకు ప్రదర్శన ప్రారంభోత్సవం. పొద్దున పదికి బ్యానర్ వచ్చింది, మనిషెత్తుకు ఒకటిన్నర ఉంటుంది. ఎల్లేష్ దాన్ని ముందు వసారాలో ఎండకు వేలాడదీశాడు. మార్తా మేడం దాని ముందు నిలబడి, హాల్లోకి పోయి, మళ్లీ వచ్చి, నన్ను పిలిచింది.

"ఈ చిత్రమున ఇచట గీత లేదు. నేల మీద ఉన్నది. ఏది సరి?"

నేనూ రెండుసార్లు తిరిగి చూశాను. నిజమే. ఫోటోలో తూర్పు వాకిలి జానెడు తెరిచి ఉంది. నేల మీద మూసి ఉంది. "ఎవరో ముట్టినారు" అంది మేడం, పోలీసుల దాకా పోయే మొహంతో.

అంతలో బాపు నల్లా దగ్గర మొహం కడుక్కొని, మా మాటలు వింటూ అటే వచ్చాడు. బ్యానర్ దగ్గరికి పోయాడు. మరీ దగ్గరికి, ముక్కు తగిలేంత. గీత వెంట వేలు పెట్టుకుంటూ పోయి తూర్పు దగ్గర ఆగాడు.

"వాకిలి తెరిసుంది" అన్నాడు. ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు.

నాకు మాత్రం ఒక్కసారిగా తెలివి పుట్టింది. నా తెలివి సంగతి మీకు తెలిసిందే కదా. "బాపు, తూర్పు వాకిలి మూయకుంటే దేవుడు దిగినట్టా?" అన్నాను.

"దిగడు."

"నువ్వు మూయలే గద మరి. ఫోటోల ఉంది చూడు. అంటే అది ఉత్త ముగ్గు. తొక్కే పని లేదు, పస్తు లేదు. పా, అన్నం తిందువు."

బాపు ఆ జానెడు మేర ఇంకోసారి వేలితో తడిమాడు. తర్వాత గొంతు సవరించుకొని, "అవ్, కావాలనే ఇడిసిన. గీడ దేవునితోని పనేందని" అన్నాడు. నా గుండె తేలికపడింది. ఆ వెంటనే బరువెక్కింది. కావాలనే విడిచినవాడు నిన్న సాయంత్రం గజ్జెలు కట్టుకొని తొక్కడానికి ఎందుకు వచ్చినట్టు? అడగలేదు. అడిగే ధైర్యం లేకపోయింది.

"మరి లోపల మూసుందని మీరే అన్నరు గద" అన్నాడు బాపే. "మూసిందెవరు? ఆయనే మూసుకున్నడా?" మళ్లీ పోయి గోడవారన కూర్చున్నాడు.

ఇదీ వరస. బాపు దేవుడు వచ్చాడంటాడు. మేడం దొంగ వచ్చాడంటుంది. నాకు పిచ్చి వచ్చేటట్టుంది. ఎల్లేష్ కుర్చీలు ఎక్కడ వేయాలో చెప్పమని నా వెనక తిరుగుతున్నాడు.

కెమెరాల గది తాళం ఉన్న మనిషి నాలుగింటికి గానీ రాలేదు, అప్పుడు పోయి నిన్నటిది తిప్పి చూశాం, నేనూ మేడం. తెర మీద టైము మధ్యాహ్నం రెండు నలభై. హాల్లో అమ్మ ఒక్కతే. తలుపు వైపు ఒకసారి చూసింది. తూర్పు దిక్కున మోకాళ్ల మీద కూర్చుంది. గిన్నెలోంచి చిటికెడు పసుపు తీసి, పెదవులు కదుపుతూ, ముప్పై ఏళ్లలో ఎన్నడూ గీయని మనిషి, మెల్లగా ఒక గీత గీసింది. నేలకు మొక్కి లేచింది.

"మీ తల్లిగారు" అంది మేడం.

"అవును మేడం."

అమ్మ వెనక వరండాలో నిన్నటి రంగు గిన్నెలు కడుగుతోంది. "నువ్వేనా మూసింది?" అని పోయీపోగానే మీద పడ్డాను.

"మెల్లగ మాట్లాడు" అంది. చేతులు తుడుచుకుంది. "ఆయనకు కండ్లల్ల పొరలొచ్చినయే. రెండేండ్లాయె. రంగు నేనే చేతిల పెడ్త. మలుపు కాడ చెయ్యి ఆనిస్త, గది సూసి మలుపుతడు. నేను సాయం జేస్తున్నట్టు ఆయనకు ఎరుక లేదు. ఎరుకైతే మల్ల పట్నం ముట్టడు."

"మరి దవాఖానకు పోవాలె గద."

"పోదాం పా అంటే నా కండ్లకేమైంది అంటడు. కండ్లు కనబడవని తెలిస్తే ఏ ఊరోళ్లు పిలుస్తరు? పట్నం లేకపోతే గీ మనిషి బతుకుతడా?" అమ్మ ఒక గిన్నె బోర్లించింది. "నిన్న ఎందుకు తప్పిండో తెల్వదు. ఎప్పటి లెక్కనే చెయ్యి ఆనిచ్చిన. గీతలు ఆడిదాకొచ్చి ఆగినయి. గంతమంది ముందర ఇజ్జత్ పోతదని, మీరు పోయినంక మూసిన. నువ్వు చెప్పకు బిడ్డా."

కోపమంతా ఎటు పోయిందో పోయింది. రెండేళ్లు. నేను పండుగ పండుగకూ పోయాను, వీడియోలు తీశాను, అందరికీ చూపించాను. ఒక్కసారి కూడా నా కళ్లకు కనబడలేదు. "చెప్పకుంటే నెల దినాలు పస్తుంటడమ్మా. వాకిలి కావాలనే ఇడిసిన అంటుండు, దేవుడే వచ్చి మూసుకున్నడనుకుంటుండు" అన్నాను.

అమ్మ గిన్నెలు అక్కడే వదిలేసి హాల్లోకి నడిచింది. నేను వెనకాల పోయాను. అప్పుడు నాలుగున్నర. బాపు గోడవారన, మేడం తాడు దగ్గర, ఎల్లేష్ కుర్చీల మధ్య.

"నేనే మూసిన" అంది అమ్మ.

బాపు తల ఎత్తాడు. "ఎందుకు?"

"నువ్వు మర్సినవనుకున్న. కావాలనే ఇడిసినవని నాకేమెరుక?"

అబద్ధానికి అబద్ధం ఆసరా పెట్టింది, ఆయన ఇజ్జత్ నిలబెట్టడానికి. బాపు ఆమె వైపు చూస్తూనే ఉన్నాడు, చూసినట్టే ఉన్నాడు. "మూసేటప్పుడు ఏమనుకున్నవు?" అన్నాడు.

"ఏమనుకుంట? బీరప్పా, మా తప్పు మాఫ్ జెయ్యి, జర వచ్చి కూసో అనుకున్న."

"అయితే వచ్చిండు."

"నేను పిలిస్తెనా?"

"పిలిసినవు, వచ్చిండు. మూసినోళ్లే తొక్కాలె. లే, పొద్దు గుంకుతది."

"ఆడమనిషిని. మనింట్ల ఎవ్వరన్న తొక్కిన్రా?"

"మనింట్ల ఎవ్వరన్న మూసిన్రా?" అన్నాడు బాపు.

"భాగ్యలక్ష్మీ," అంది మార్తా మేడం. "వారు ఏమనుచున్నారు? దయచేసి, ఈసారి అంతయు చెప్పుడు."

ఈసారి, అంది. అంటే ఇన్నాళ్లూ నేను సగమే చెబుతున్నానని ఆమెకు తెలుసన్నమాట. అంతా చెప్పాను. తొక్కడం గురించి, పస్తు గురించి, బాపుకు ముప్పై రోజులని చెప్పలేదని, ఆమెకు ఒక్క పూటని చెప్పలేదని. కళ్ల సంగతి ఒక్కటి దాచాను, అది నాది కాదు కాబట్టి. ఆమె ఆఫీసులోకి పోయింది. పొడిగింపు కాగితం చింపడానికే అనుకున్నాను. ఒప్పంద పత్రం పట్టుకొని వచ్చింది.

"ఇచట గుర్వయ్యగారి సంతకమున్నది. నర్సింగమ్మగారి సంతకమున్నదా?"

"లేదు మేడం."

"ఈ కృతిని ముగించినది ఎవరు?"

"మా అమ్మ."

"అట్లయిన ఆమెను ఆపుటకు నాకు అధికారము లేదు" అంది. వంగి, తన చేత్తోనే ఎర్రతాడు కొక్కెం తీసింది. "మీతో తరువాత మాటలాడెదను" అని నాతో అంది. మాట్లాడింది కూడా. ఏడాదికి రావాల్సిన పొడిగింపు మూడు నెలలకే వచ్చింది. అదీ ఎక్కువే.

బాపు నిన్నటి నుంచి విప్పని గజ్జెలు ఇప్పుడు విప్పి అమ్మ ముందు కూర్చున్నాడు. ఆమె పాదం కోసం చేత్తో నేల మీద వెతుకుతున్నాడు. అమ్మ గప్‌చుప్‌గా పాదాన్ని ఆయన చేతి కిందికి జరిపింది. కట్టాడు. అప్పటికే ఇద్దరు ముగ్గురు అతిథులు ముందుగా వచ్చి, చేతుల్లో జ్యూసు గ్లాసులతో ఏమిటిదని చూస్తున్నారు. డమరుకం మొదలైంది. అమ్మ కొంగు బిగించి, ఒక కాలు పసుపు మీద పెట్టింది, పెట్టి, తీసేసింది. "ఎట్ల తొక్కాలె?" అంది. "ముప్పై ఏండ్లు సూసినవు గద" అన్నాడు బాపు. రెండోసారి పెట్టిన కాలు తీయలేదు. వాకిళ్లు పోయాయి, రంగులు ఒకదాంట్లో ఒకటి కలిశాయి. మా అమ్మ ఏడుస్తూ తొక్కింది. నేనూ ఏడ్చాను. ఎందుకో అడగకండి.

పొడి తెచ్చి నా నుదుటికి పెట్టింది, మేడం నుదుటికి పెట్టింది, ఎల్లేష్‌కు పెట్టింది. అతిథులు చప్పట్లు కొట్టారు. ఏం చూశారో వాళ్లకు తెలియదు. బాపు అక్కడే నేల మీద కూర్చొని రెండు గిన్నెల పెరుగన్నం తిన్నాడు. ఆ కలిసిపోయిన మరకనే మేడం ముప్పై రోజులు ఉంచింది. వచ్చినవాళ్లు దాని ముందు తలలు గోక్కున్నారు. దాని పక్కన పెట్టిన చీటీ మీద "నర్సింగమ్మ, గుర్వయ్య" అని టైపు చేసింది నేనే.

శనివారం వాళ్లతో నేనూ బస్సెక్కాను. జడ్చర్ల దాటాక బాపు కిటికీ వైపు తిరిగి, ఎవరూ అడగకుండానే, "పాలమూర్ల దిగుదాం. కంటి దవాఖాన ఉంటది గద" అన్నాడు. అమ్మ నా వైపు చూసింది. పాలమూరులో దిగాం.

డాక్టర్ రెండు కళ్లలో లైటు వేసి చూశాడు. శుక్లాలు బాగా ముదిరాయన్నాడు. ఆపరేషన్ చేస్తే చూపు వస్తుందన్నాడు. "చాలా రోజులుగా ఈయనకు వెలుతురు, చీకటి తప్ప పెద్దగా ఏమీ తెలియట్లేదు. మొహానికి ఆనించుకుంటే కొంచెం. ఎలా నెట్టుకొచ్చాడో" అన్నాడు. అమ్మ చీటీ రాయించుకోవడానికి కౌంటర్ దగ్గరికి పోయింది. నేనూ బాపూ బెంచీ మీద కూర్చున్నాం. చుక్కల మందు వేసిన కళ్లు మూసుకొని ఉన్నాడు.

"బాపు, తూర్పు వాకిలి కావాలనే ఇడిసినవా?"

"లేదు బిడ్డా."

"అమ్మ మలుపు కాడ చెయ్యి పెడ్తది గద. గది కనబడలేదా?"

"మీ అమ్మ చెయ్యి కనబడక రెండేండ్లాయె" అన్నాడు. "చెయ్యి ఆనిస్తే గాజులు సప్పుడైతయి గద. గది ఇని మలుపుత. ఆమెకు ఎరుక లేదు, చెప్పకు. కనబడ్తలేదంటే ఏడుస్తది." చెంప మీదికి కారిన మందు తుడుచుకున్నాడు. "గా దినం తూర్పు దిక్కుకు వచ్చేసరికి ఎందుకో సప్పుడు ఆగిపోయింది. నేను అయిపోయిందేమో అనుకున్న."

గాజుల సప్పుడు ఆపించింది నేనే బాపు అని నోటిదాకా వచ్చింది. ఆయన చెయ్యి పట్టుకున్నాను, అంతే చేయగలిగాను. వరండా నిండా జనం, చీటీలు పట్టుకున్నవాళ్లు, కళ్లకు పచ్చ అద్దాలు పెట్టుకున్నవాళ్లు.

"అగో, మీ అమ్మ వస్తాంది, జరుగు" అన్నాడు బాపు కళ్లు మూసుకునే.

నేను తల ఎత్తి చూశాను. ఆ జనంలో అమ్మ నాకు ఇంకా ఎక్కడా కనిపించలేదు.